బ్రాడీపేట అనుకుంటే

గుంటూరు ఎండకి బొంత దేనికండీ అని
పాలప్యాకెట్ల కుర్రాడు కూడా అడిగాడు.
శివరాత్రి వెళ్ళి వారం కాలేదు,
అప్పుడే చెమటకి సూది జారుతోంది.
జవాబు వెతకబోయి
సుద్దముక్క ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

సర్వే శాఖలో ముప్ఫైమూడేళ్ళు గొలుసు లాగించినవాణ్ణి.
పత్తి చేలల్లో, మిరప తోటల్లో
హద్దురాయి ఎక్కడుందో కాలితో తన్ని చెప్పేవాణ్ణి.
రిటైరైన నెలకే చేతులు ఊరుకోలేదు.
భ్రమరాంబ కుట్టుమిషను మీద దుమ్ము దులిపి
"ఏదో ఒకటి కొలుచుకోండి, నన్ను మాత్రం కాదు" అంది.

మొదటి బొంతకి పటం గీశాను,
అచ్చం బ్రాడీపేటలా. నిలువు లైన్లు, అడ్డరోడ్లు.
నాలుగో లైనూ పద్నాలుగో అడ్డరోడ్డూ కలిసేచోట
మా ఇంటికి గుర్తుగా ఒక ఎర్ర ముక్క.
తీరా కుట్టేసరికి ఏ మూలా ఏ మూలకీ అందలేదు.
సందులు మెలికలు తిరిగాయి,
ఒక వీధి నడుమలోనే ఆగిపోయింది.
బ్రాడీపేట అనుకుంటే
పాతగుంటూరు వచ్చింది.

ముక్కలిచ్చేది లాలాపేట బాజీ.
కత్తెర కింద రాలినవన్నీ
మిరపకాయల టిక్కీలో కుక్కి పంపుతాడు.
ఎంత ఉతికినా ఘాటు పోదు,
ఒక పొర పరిచేలోపు పది తుమ్ములు.
జాకెట్ల చంకముక్కలు, యూనిఫాం గళ్ళు,
ఎవరి పెళ్ళి షేర్వాణీలోనో మిగిలిన తళుకు,
ఓడిపోయిన పార్టీ జెండా ఒకటి.
దాన్ని మాత్రం తిరగేసి కుట్టాను.

అతకడం నేర్పిందీ బాజీయే.
"పావంగుళం లోపలికి వదలాలి సార్.
రెండు ముక్కలూ వదలాలి.
ఒకటి వదిలి ఒకటి బిగుసుకుంటే కుట్టు నిలవదు."
నేను లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.
జానెడు గట్టు కోసం పదకొండేళ్ళు
కోర్టు మెట్లెక్కిన అన్నదమ్ములు,
వట్టిచెరుకూరు వాళ్ళు, గుర్తొచ్చారు.
వాళ్ళ మధ్య రాయి పాతింది నేనే.
లింకు కూడా తేడా లేకుండా.

పూర్తయినవి ఎన్నని?
నాలుగు మసిగుడ్డలు. మూడింటితో అట్లపెనం దించుతుంది భ్రమరాంబ,
నాలుగోది ఏమీ అనకుండా టీవీ మీద పరిచింది.
కళ్ళజోడుకి ఒక సంచి.
మిక్సీకి ఒక తొడుగు,
దానికి ఎందుకో చెవులొచ్చాయి.

సగంలో ఉన్నవి ట్రంకుపెట్టె నిండా.
గుండుసూదులతోనే నిద్రపోతున్నవి,
టాకాలు పడి ఆగినవి,
దేనికి మొదలెట్టానో నాకే తెలియనిది, నీలంది.
అన్నిటికన్నా అడుగున
బాజీకి మనవరాలు పుట్టినప్పుడు పట్టుకున్న పొత్తిళ్ళ బొంత.
ఇంకా మూడు వరసలు తక్కువ.
ఈలోగా పిల్ల బోర్లాపడింది, పాకింది,
పాలపళ్ళు ఊడగొట్టుకుని రెండో తరగతికొచ్చింది.

మొన్న తాతతో వచ్చిన అఫ్రీన్
పెట్టెలో చెయ్యి పెట్టి దాన్నే లాగింది.
"ఇది నాదంట కదా!"
పడుకుని కప్పుకు చూసుకుంది.
మోకాళ్ళ దగ్గర అయిపోయింది.
"చిన్నదైపోయిందమ్మా, టిఫిను బాక్సుకి సంచి చేసిస్తాలే."
వద్దంది. కిందికి ఇంకా కుట్టమంది.
"నేను పెరిగినప్పుడల్లా కుట్టు."

అప్పట్నుంచీ బడికెళ్తూ మా గుమ్మం దగ్గర ఆటో ఆపిస్తుంది.
డ్రైవరు హారను కొడుతుండగా
నా కళ్ళకి ఆనని ఆ బెజ్జాల్లో,
అయిదు సూదులకీ, ఎంగిలి తడితో దారం మొన చేసి ఎక్కించి
దిండుకి వరసగా గుచ్చి పరిగెడుతుంది.

శనివారం మాత్రం పది అడుగుతాను.
ఆదివారం బడి ఉండదు కదా.