మంచి చెవి

పిల్లికి బిచ్చం పెట్టడని
వార్డో రేవంతా పేరు మోసిన ఇంగ్‌వాల్డ్
చేపల పెట్టెలో పిల్లికూనతో ఇంటికొచ్చాడు.
ఎందుకు తెచ్చావని అడిగితే
"బోర్గిల్ ఇచ్చింది" అంటాడు,
జలుబు అంటించిన మనిషి పేరు చెప్పినట్టు.

బూడిద రంగు. పిడికెడు.
చెవులు మాత్రం
ఏదో పెద్ద పిల్లి దగ్గర అరువు తెచ్చుకున్నవి.

బోర్గిల్ గుమ్మంలో నిలబడే చెప్పింది.
పడుకోబెట్టే ముందు అలిసిపోయేదాకా ఆడించు,
ఆ తర్వాతే తిండి.
తల్లి వాసనున్న ఈ గుడ్డ ఉతక్కు.
ఏడిస్తే ఎత్తుకోకు.
రాత్రంటే రాత్రే అని దానికి తెలియాలి.

రాత్రా?
మే నడిమధ్యలో ఊరొదిలి పోయిన రాత్రి
జూలై చివరికి గానీ ఇక్కడికి రాదు.
పన్నెండు కొట్టాక కూడా
బ్యారెంట్స్ సముద్రం మీద సూర్యుడు
లేవమని ఎవరూ చెప్పని అతిథిలా కూర్చునే ఉంటాడు.
గిడ్డంగి గోడల మీద కిట్టివేక్ పక్షులు
ఒకే తగువు తెగక అరుస్తుంటాయి.
ఆ వేళప్పుడు ఎవరో పడవకి రంగేస్తుంటారు.

అందుకని ఇంగ్‌వాల్డ్ రాత్రిని చేతులతో చేశాడు.
కిటికీకి అల్యూమినియం రేకు, దాని మీద టేపు,
టేపు మీద ఓడలో కప్పుకున్న నల్ల దుప్పటి.
ఉన్ని మేజోడులో వేణ్ణీళ్ళ సీసా.
మోగే మీట విరిచేసిన గడియారం
తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టాడు,
తల్లి గుండె అనుకుంటుందని.
వల దారానికి బెండు కట్టి
యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళ మీద
గదంతా పాకాడు.
ఎవరూ చూడలేదని రెండుసార్లు చూసుకున్నాడు.

ఎడమ చెవిని
ముప్పై ఒక్క ఏళ్ళ ఇంజన్ గది తినేసింది.
కుడి చెవి దిండుకి ఆనిస్తే చాలు,
పక్షులూ గాలీ ఫోనూ అన్నీ ఆరిపోతాయి.
అతని రాత్రి అక్కడుంది, ఏ నెలలోనైనా.
సోల్‌ఫ్రిడ్ సూట్‌కేసు మెట్లు దిగిన తెల్లవారుజాము
ఆ దిండులోనే పోయింది.
ఆమె పిలిచిందో లేదో
ఇప్పటికీ తెలీదు.

మొదటి రాత్రి హాయిగా పడుకున్నాడు.
పొద్దున ఫ్రిజ్ వెనక దొరికింది కూన.
అతన్ని చూసి నోరు తెరిచింది.
నోరు తెరిచింది, అంతే.
గొంతు లేదు.
రాత్రంతా ఎంత వాడితే అలా అరిగిపోతుందో
నేల మీద కూర్చుని లెక్క వేశాడు.
కాఫీ చల్లారిపోయింది.

రెండో రాత్రి అటు తిరిగి పడుకున్నాడు,
మంచి చెవి పైకి పెట్టి.
ఎన్నేళ్ళకో ఇల్లు వినబడింది.
పైపులో నీటి గునుపు. చెక్కల విరుపు.
ఆపైన సూదిమొనంత "మ్యా".
లేచాడు. ఎత్తుకోకూడదు.
పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు;
ఇక్కడ బుట్టని మనిషి తిప్పాడు
వంటింట్లోకి, బల్ల కిందికి, హీటరు పక్కకి,
మళ్ళీ వంటింట్లోకి,
కాలు కాలినవాడిలా.
చివరికి మంచం పక్కన దించి
చెయ్యి మాత్రం కిందికి వేలాడేశాడు.
ఎత్తుకోలేదు కదా.

మూడో రాత్రి మూడుసార్లు.
నాలుగో రాత్రి ఒకసారి, అదీ కలలో.

అయిదో రాత్రి
దుప్పటి అంచున టేపు ఊడిన చోట
సన్నటి వెలుతురు గీత ఒకటి లోపలికొచ్చి
నేల దాటి, బుట్ట ఎక్కి,
కూన తోక మీద ఆగింది.
తోక కదల్లేదు.
గడియారం తువ్వాల్లో కొట్టుకుంటోంది.
ఆ చిన్న పొట్ట
దాని లెక్కతో పని లేకుండా
తన తొందరలో తాను లేచి పడుతోంది.

చెయ్యి తిమ్మిరెక్కింది. తియ్యలేదు.
కుడి చెవి పైకే ఉంది.
మెట్లు కూడా వినబడుతున్నాయి,
ఎవరూ దిగని మెట్లు.

రేవులో బోర్గిల్ అడిగింది,
"రాత్రి పడుకుంటోందా?"

"అది పడుకుంటోంది" అన్నాడు,
"అది" దగ్గర కొంచెం ఆగి.