గడ్డం కింద గీత

నది వీధిలో, పాత రొట్టెల కొట్టు గోడ మీద
మీ తలకి మూరెడు పైన
ఒక గీత ఉంటుంది.
దాని కింద నాలుగంకెలు: 1909.
పడవ దిగి వచ్చినవాళ్ళు పక్కన నిలబడి
చెయ్యెత్తి, సరిగ్గా అందక, నవ్వి
ఫోటో తీసుకుంటారు.

నవ్వనీ.
గీతకి కోపం రాదు.

ఆ డిసెంబరులో దోరో నది
ముందు బట్టలుతికే రాళ్ళని అడిగింది.
తర్వాత పడవల తాళ్ళని.
తర్వాత ఎవర్నీ ఏమీ అడగలేదు.
ద్రాక్షసారా పీపాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ
చీకట్లో వీధి వెంట పోతుంటే
ఎవరో తలుపు తడుతున్నారనుకుని
ముసలి ఫిర్మీనో
"వస్తున్నా, వస్తున్నా" అన్నాడట.
మర్యాదస్తుడు.
వెళ్ళి తీశాడు.

నీరు పల్లమెరుగు అంటారు.
ఆ రాత్రి మెట్టని కూడా ఎరిగింది.
నిజం మాటకొస్తే,
దాని గొడవ జనవరిలో మొదలైంది.

గుర్తు చెక్కించాలంది పురపాలక సంఘం.
గోడల మీది బురద మరకల్ని
వారం వాన కడిగేసింది.
మిగిలినవాటికి పండగొచ్చిందని
ఫాదర్ సున్నం కొట్టించాడు.
ఇక నీళ్ళెంత దాకా వచ్చాయంటే
ఎవరి ఎత్తు వాళ్ళది.
గిడ్డంగుల ఆబీలియో నడుము దగ్గర చెయ్యి పెట్టి
"ఇంతే, ఒట్టు" అన్నాడు.
గిడ్డంగి అమ్మకానికి పెట్టి ఉన్నాడు పాపం.
ఫిర్మీనో కూతురు ఏమీ అనలేదు,
తల వెనక్కి వాల్చి ఇంటి చూరు వైపు చూసింది.
గుమాస్తా ఎవురీకో రెండూ రాసుకుని
కూడి, సగం చేశాడు.

"సగం నీళ్ళలో ఎవరైనా సగం చచ్చారా?"
ఉలి సంచిలో పెట్టేసుకున్నాడు
రాళ్ళు చెక్కే జెఫెరీనో.

అప్పుడొచ్చింది రొట్టెల దియోలిందా,
మోచేతుల దాకా పిండితో.
లోపలికి రండి, అంది.
బల్ల చూపించింది.
బల్ల మీద పిండి పిసికే తొట్టి బోర్లించింది.
ఎక్కింది. మడమలెత్తింది.
"ఇలాగ. ఆరు గంటలు.
ఇక్కడి దాకా."
గడ్డం కింద వేలు పెట్టుకుంది.
పిండి అంటుకుంది.

దేన్నీ పట్టుకోకుండానా, అన్నాడు గుమాస్తా.
"చేతులు ఖాళీ లేవు" అంది.
పులుపు పిండి కుండ నెత్తి మీద ఎత్తి పట్టుకుందట
తెల్లారేదాకా.
వాళ్ళ అవ్వ కాలంనాటి పులుపు అది.
వరద తీసిన నాలుగో రోజు నుంచి
ఊరంతా తింటున్న రొట్టె
దాంతో పొంగిందే.
ఆబీలియో కూడా తింటున్నాడు.

పొట్టి మనిషి దియోలిందా.
పెళ్ళి ఫోటోకి కాళ్ళ కింద ఇటుకలు పెట్టారని
ఊళ్ళో ఒక పాత హాస్యం ఉండేది.
ఆ రోజు నుంచి ఎవరూ చెప్పలేదు.

జెఫెరీనో దారం తీశాడు.
ఒక కొన ఆమె గడ్డం కింద.
రెండో కొన పట్టుకుని
కిటికీలోంచి వీధిలోకి దాటి
నిచ్చెనెక్కి గోడకి ఆనించి పట్టినవాడు
తొమ్మిదేళ్ళవాడు, మా తాత.
కదిలావో చంపుతానన్నాడు జెఫెరీనో.
తాత కదల్లేదు.
దారమే కదిలేదట
లోపల ఆమె గుటక వేసినప్పుడల్లా.

ఇప్పుడు పైన ఆనకట్టలున్నాయి.
నది వేళకి వస్తుంది, వేళకి పోతుంది.
అయినా ఆ గోడ పక్కనుంచి నడిచినప్పుడల్లా
తాత గడ్డం కాస్త పైకి లేచేది.
కొత్తవాళ్ళు గర్వమనుకునేవాళ్ళు.
చూసి చూసి నాకూ అలవాటైంది.

ఈసారి వస్తే దగ్గరికెళ్ళి చూడండి.
గీత తిన్నగా ఉండదు.
మధ్యలో ఒకచోట
వెంట్రుకవాసి దిగి, మళ్ళీ లేస్తుంది.

జెఫెరీనో చెయ్యి తప్పే మనిషి కాదు.