అద్దె పుస్తకం, నంబరు 1147

గుంటూరు, బ్రాడీపేట నాలుగో లైను.
రోజుకి రెండు రూపాయలు, పాడుచేస్తే సగం ధర.
అట్ట పోయిన ఆ నవలకి నేనే అట్ట వేశాను
పాత కేలండరు కాగితం తిరగేసి.
జపాను పిల్ల. తొమ్మిదో ఏట అమ్మేశారు.
ముఖమంతా తెల్లరంగు, మెడ వెనక మాత్రం
ఓ చిన్నచోటు రంగు వెయ్యకుండా వదిలేస్తారట.

అప్పటికి నేను చదవలేదు.
చదివినవాళ్ళ ముఖాలు చదివాను.

ఏసుపాదం మిర్చియార్డులో గుమాస్తా.
ఆయన తిరిగిచ్చాక
నలభయ్యో పేజీ తెరిస్తే ఇప్పటికీ తుమ్ము.
మార్జిన్లో పెన్సిలుతో కూడికలు:
కొన్న ధర, తిండి, పట్టుబట్టలు, పాట నేర్పినందుకు,
ఆపైన వడ్డీ.
"చచ్చేదాకా అసలు తీరదండీ ఇది.
దీన్ని పట్టుకుని ప్రేమకథంటారేంటి?"
వడ్డీ లెక్కలో రచయిత ఒకచోట తప్పాడట.
దిద్దాడు కూడా.

ప్రవల్లికకి అవేం పట్టలేదు.
హాస్టల్లో దుప్పటి కింద, సెల్లు వెలుగులో.
మంచు కురిసే వంతెన మీద వాళ్ళిద్దరూ విడిపోయేచోట
కాగితం తడిసి ఉబ్బింది.
"అంకుల్, రెండో భాగం ఉందా?"
లేదంటే అలిగి వెళ్ళింది,
నేనే వాళ్ళని విడదీసినట్టు.

బుచ్చిలింగం మేష్టారిది ఎర్ర సిరా.
"ఆ కాలానికి ఆ వీధిలో గ్యాసు దీపాలెక్కడివయ్యా?
రాసినవాడు ఆ దేశం వాడు కాదు, ఆడదీ కాదు,
పైగా అనువాదం.
మూడు చేతులు మారిన పాలు,
అందులో పాలెన్ని, నీళ్ళెన్ని?"
మాట బాగుందని ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను.
"మరి వారం రోజులు ఉంచుకున్నారేం?" అంది.

మెహరున్నీసా కుట్టుమిషను పక్కన పెట్టుకుని చదివింది.
ఏడవలేదు, తిట్టలేదు.
ఆ నడుంపట్టీ ముడి వెనక్కెలా వస్తుందో
నా బిల్లు పుస్తకం వెనక గీసి చూపించింది.
"ఒక్కతే కట్టుకోలేదు భాయ్. విప్పుకోనూ లేదు.
రాసినాయనకి తెలుసో లేదో మరి."

ఒక శనివారం కరెంటు పోతే
వీళ్ళంతా కొట్టు ముందు తగులుకున్నారు.
కళాకారిణి అంటుంది ఆ పిల్ల.
బాకీ మనిషి అంటాడు ఏసుపాదం.
"ఎంత చెప్పినా సానికథేగా" అన్నారు మేష్టారు,
చాలా మామూలుగా,
విసనకర్రకోసం చూస్తూ.

బెంచీ మీద వారపత్రిక తిరగేస్తున్న రత్నమాణిక్యంగారు
చెయ్యి చాపింది.
"అదిలా ఇవ్వు."

పదకొండు రోజులు. ఇరవై రెండు రూపాయలు.
గీత లేదు, మడత లేదు.
అట్ట చిరిగినచోట మైదాపిండితో అతికించి ఉంది.
ఎలా ఉందండీ అన్నాను,
అందరినీ అడిగినట్టే.

"పాట మధ్యలో తీగ తెగుతుంది చూడు,
ఆ పిల్ల తలొంచుకుని ఏడ్చిందని రాశాడు.
తీగ తెగితే ముందు నవ్వాలి నాయనా.
నవ్వుతూ, లేని తీగ మీద వేలు ఆడిస్తూ
చరణం పూర్తిచెయ్యాలి.
ఏడుపు తరవాత.
ఇంటికెళ్ళి జడ విప్పుకునేటప్పుడు."

చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.
మెట్లు దిగుతూ కొంగు
మెడ చుట్టూ నిండుగా కప్పుకుంది.
ఎండాకాలం అది.

ఇరవయ్యేళ్ళుగా నా ఖాతాలో ఆవిడ పేరు పక్కన
'సొంతూరు' అన్న గడి ఖాళీ.
నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.
ఆ రోజూ అడగలేదు.

రాత్రి షట్టరు సగం దించి మొదటి పేజీ తీశాను.
నలభై దగ్గర తుమ్మాను.
వంతెన దగ్గర, చెప్పకూడదు గానీ, నాకూ గొంతు పట్టింది.
తీగ తెగేచోటికి వచ్చేసరికి
అచ్చులో ఉన్న ఏడుపు కంటికి ఆనలేదు.

పొద్దున్నే మేష్టారి మేనకోడలు వచ్చింది,
ఆ జపాను నవల కావాలని.
బయటికెళ్ళిందమ్మా అన్నాను.
బల్ల కింద, నా కాలికి తగులుతూ
ఉంది.