గీత పక్కన గీత

మొదట్ల ఈ ఇంటికి ఒకటే నంబరు.
పదహారు, నాలుగు, నూట పన్నెండు.
మిల్లు సైరన్ మోగే రోజుల్ల
ఎవరో నీలం రంగుతో దర్వాజ మీద రాసిండు.
మిల్లు పోయింది, రంగు పోలే.

తర్వాత మొగిలి పెండ్లయింది: గీత, పక్కన ఎ.
ఓదెలు పెండ్లయింది: గీత, బి.
బి ల సగం కిరాయికిచ్చిండ్రు: గీత, ఒకటి.
గీతంటే ఇక్కడ సుద్దగీత కాదు,
రేకు.
రేకుకు ఇటుపక్క ఒకరు దగ్గితే
అటుపక్క మనిషి మంచినీళ్లు తాగుతడు.

నేను బడిపంతులమ్మను.
జనాభా లెక్కల పుస్తకం సంకల పెట్టుకొని
శివనగర్ వెనక సందులు తిరగబట్టి
ఇయ్యాలకు ఇరవై దినాలు.
నిన్న మెట్ల కింద ఒక కుటుంబం దొరికింది.
కరెంటు మీటరు పక్కనే పొయ్యి,
పొయ్యి పక్కనే పుస్తకాల సంచి.

"ఎంతమంది ఉంటరమ్మా?"
వేల్పుల కొంరమ్మ నా మొకం దిక్కు చూసింది.
"మనుషులను లెక్కవెట్టద్దు బిడ్డా, దిష్టి తాకుతది.
పల్లాలు లెక్కవెట్టుకో."
బోర్లించిన పల్లాలు తొమ్మిది.
తినేటోళ్లు పద్నాలుగు.
"ఒక బంతి లేస్తె ఇంకో బంతి.
మా ఇంట్ల రోజూ పెండ్లే."

మంచం ఒకటి.
రాత్రి సారంగం పండుకుంటడు,
తెల్లారకముందే ఎనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తాల కిందికి పోతడు.
ఏటీఎం కాడ కావలి కాసిన అల్లుడొచ్చి
అదే మంచం మీద ఒరుగుతడు,
ఘాటుకు తుమ్ముకుంట నిద్రపోతడు.
ఆ నులక చల్లబడంగ
ఈ పదేండ్లల్ల ఎవరూ చూడలేదట.

నల్లా? రెండు దినాలకోసారి, ఇరవై నిమిషాలు.
బిందెలు పొద్దటి సంది వరుసల నిలబడ్డయి,
ఒక్కోదాని మెడ మీద ఒక్కో పేరు చెక్కి.
వానకాలం? కొంరమ్మ చెయ్యి ఊపింది.
"చెరువు శిఖంల కట్టుకుంటిమి గద.
చెరువుకు మా అడ్రసు ఎరికే.
ఏడాదికోపారి వచ్చి, మంచం ఎత్తుదాంక కూసొని పోతది."

ట్రైనింగుల సారు బోర్డు మీద
పైపైకి పోయే వంకర గీత ఒకటి గీసిండు.
ఆ గీత మీద ఎవ్వరూ నిలబడి లేరు.
నేను కూడ తల ఊపిన, టీ తాగిన.

ఇక్కడ ఒక పిల్ల నన్ను చూసి గోడచాటుకు పోయింది.
నా క్లాసే.
డెబ్బై మూడు మందిల పేరు యాదికి రాలే.
కిటికీల కూసునేది,
నేను బోర్డు దిక్కు తిరిగితే బయటికి దునికేది,
అంతే తెలుసు.
ఫారంల రాసుకుందామని పేరడిగిన.
చెప్పింది, నా దిక్కు చూడకుంట.

లోపల సన్నటి ఏడుపు.
"ఎప్పుడు?"
"తెల్లారుగట్ల. ఓదెలు చిన్నబిడ్డకు."
నేను రూలు చెప్పిన:
రాత్రి పన్నెండు దాటినంక పుట్టినోళ్లు
ఈ లెక్కల రారు.
మళ్ల లెక్కలొచ్చినప్పుడే.
కొంరమ్మ కొద్దిసేపు ఏం మాట్లాడలే.
తర్వాత గిన్నె మీది మూత తీసి చూసి,
"లెక్కల లేకుంటే లేకపాయె," అన్నది,
"పాలల్ల అయితే ఉంటది గద."

గోడ మీద నంబరు రాసిన.
ఎ, బి, ఒకటి, రెండు,
జాగ చాలక ఆఖరి గీత
తలుపు మీదికి పోయింది.
ఎవరో నీళ్లు కాగబెట్టుమని పిలిచిండ్రు.
కొంరమ్మ తలుపు నెట్టింది,
గీత కూడ లోపటికి పోయింది.