గోడకు ఇవతల రెండు టన్నులు

మే నెల, కావలి, మధ్యాహ్నం మూడు.
మాలకొండయ్యగారి గదిలో
గోడకానుకుని కూర్చున్నాను.
సంచి విప్పలేదు.

నాకు ముందొచ్చిన ముగ్గురూ
రాగానే విప్పారట.
ఒకడు గ్యాసన్నాడు, పట్టాడు.
ఇంకొకడు కెపాసిటరు మార్చాడు.
మూడోవాడు బోర్డు ఊడదీసుకుపోయి
పదిరోజులు ఫోనెత్తలేదు.

నేను చేతిగడియారం చూసుకుంటున్నాను.
లేచింది మిషను. కిటికీ అద్దం వణికింది.
రెండు నిమిషాల నలభై సెకన్లు.
టక్.
మూడు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు.
మళ్లీ లేచింది,
సగం మాటని నాలిక్కరుచుకునే మనిషిలా
మళ్లీ టక్.

"ఏంది హజరత్తయ్యా, చూస్తా కూర్చున్నావు?"
"వింటన్నానండీ."

మా నాయన కలిగిరి దగ్గర
పొగాకు బ్యారన్‌కి మంటేసేవాడు.
అర్ధరాత్రి లేచి తలుపు మీద అరచెయ్యి ఆనించి
లోపల ఆకు ఏ రంగుకొచ్చిందో చెప్పేవాడు.
థర్మామీటరు తర్వాత ఒప్పుకునేది.
ఆ చేతితోనే నేను రాగిగొట్టం పట్టుకుంటాను.
లావు గొట్టానికి చల్లగా చెమటలు.
గ్యాసుంది. పాపం గ్యాసుది కాదు.
ఫిల్టరు చూస్తే తళతళ.
పెంచలమ్మగారు ఆదివారమాదివారం కడుగుతుందట.

అప్పుడు తలెత్తాను.
సీలింగులో సున్నపుపువ్వు,
రేకులు నాలుగే.
మిగతా నాలుగూ గోడ మింగింది.

"ఈ గోడ ఎప్పుడు లేచిందండీ?"
ఆయన నీళ్లు తాగాడు.
"ఆరేళ్లు."
"ఏడు," అంది వంటింట్లోంచి ఆమె.

పద్నాలుగేళ్ల కింద
ఇరవై రెండడుగుల హాలుకని కొన్న మిషను.
అన్నదమ్ములు పంచుకున్నాక
గోడ మందం పోను దాని వాటాకు పదడుగులు.
గాలి ఎదుటిగోడకు కొట్టుకుని తిరిగొచ్చి
అయిపోయిందని సెన్సారు చెవిలో చెబుతుంది,
అది నమ్ముతుంది.
గది చల్లబడ్డట్టే ఉంటుంది,
చొక్కా మాత్రం వీపుకంటుకునే ఉంటుంది.

మెట్లెక్కి వెనకవైపుకెళ్లాను.
చలిని పుట్టించే మిషను లోకంలో లేదు.
ఉన్న వేడిని మోసుకుపోయి
ఇంకోచోట దించడమే దాని కూలిపని.
ఇది దించేది
తమ్ముడు శీనయ్య కిటికీ ముందర.

శీనయ్య అడ్డంగా రేకు కొట్టాడు, జానెడు దూరంలో.
విసిరిన వేడి రేకుకు తగిలి తిరిగొస్తుంది,
దాన్నే మళ్లీ పీల్చి
ప్రెషరు పెరిగి, గొంతు పట్టేసి, టక్.
తుమ్మలపెంట ఉప్పుగాలికి రెక్కలు
వేలు పెడితే బూడిదలా రాలాయి.

కిటికీలో తడిగుడ్డ పక్కకు జరిగింది.
ఎనిమిదేళ్ల పిల్ల, నోట్లో పెన్సిలు.
"రేకు తియ్యబాక. మాకు సెగ కొడతది."

కిందికొచ్చి చెప్పాను:
"బాగుచేస్తే పన్నెండువేలు, చేస్తాను.
వినాయకచవితికి మళ్లీ పిలుస్తారు.
దీని వయసైపోయిందండీ.
ఈ గదికి టన్ను చాలు."
"రెండు తీసి ఒకటా?"
"పెద్ద మిషనైతే కొత్తదైనా ఇదే గోలండీ."
ఆయన సగంపువ్వు వంక చూశాడు.
"బయటి డబ్బా ఎక్కడ పెడతావు?"
"మేడమీద, ఆకాశంలోకి.
గొట్టం పద్దెనిమిదడుగులు ఎక్కువవుద్ది."
"ఎవరి ఖర్చు?"
నేను జవాబు చెప్పలేదు.
మిషను లేచింది. ఇద్దరం లెక్కపెట్టాం.
టక్.
"కానీయ్," అన్నాడు.

బుధవారం పాతదాన్ని తాడుకట్టి దించాం.
పాత ఇనుము కొట్లో
రాగికి పలికిన ధర మనిషికి పలకదు.
నేను పైన గొట్టం వంచుతుంటే
శీనయ్య వచ్చి తన రేకు తనే ఊడదీసుకున్నాడు.
మేకులు లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు.
ఎవరితోనూ మాట్లాడలేదు.

కొత్తది వేసి
గడియారంతో నలభై నిమిషాలు కూర్చున్నాను.
పెంచలమ్మగారు రెండుసార్లు వచ్చి చూసింది.
"ఇది ఆగదేంది?"
"ఆగదమ్మా," అన్నాను, "నెమ్మదిస్తుంది."