పరిశీలక హోదా

క్లాక్ టవర్ కాడ జిరాక్స్ షాపు అరుగు మీద
నా టేబుల్, నా టైపు మిషను.
పెన్షన్లు, పట్టాలు, పంచాయితీలు, అన్నీ దీని నోట్లె నుంచే పోయినయి.
‘భ’ మీద కొడితే మాత్రం ఇరుక్కుంటది,
వేలు పెట్టి వెనక్కి లాగాలె.

పొద్దుగాల నవనీత వచ్చింది, గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల.
చేతిల బజ్జీలు కట్టిన కాగితం.
"తాతా, గిది జూడు.
దేశాలు రాజ్యాంగం రాసుకుంటే, మార్చుకుంటే
తప్పొప్పులు చెప్పే సభ ఒకటున్నదంట.
నీళ్ల మీద కట్టిన ఊర్లె
ఏడాదికి నాలుగు మాట్ల కూసుంటరంట."

కాగితం మీద గడులు గీసి ఉన్నయి.
సభ్యులు. పరిశీలకులు.
నోరు తిరగని పేర్లు అది బట్టీ పెడుతుంటే
నేను మన పేరు వెతికిన.
నూనె మరక కింద లేదు.
ఆఖరు వరుసలు చినిగిపోయినయి,
ఉన్నమో లేమో బజ్జీల బండాయనకే ఎరుక.

"పరిశీలకులంటే ఏందే?"
"పోయి కూసోవచ్చు. వినొచ్చు.
ఓటు ఉండదు తాతా."

గంతల్నే ఈదమ్మ బస్సు దిగి వచ్చింది,
మర్రిగూడ దిక్కు నుంచి.
మోకాళ్లు వంగవు, చిన్ననాటి బోరు నీళ్ల పుణ్యం;
అరుగు మెట్లు మూడే అయినా
మూడు చోట్ల ఆగింది.
"రాయి సారూ. ఏడో వార్డు మెంబర్ని నేను.
కుర్చీల మా ఆయన కూసుంటడు,
సంతకం మా ఆయన పెడతడు.
నేను గడప కాడ కూసుని వింట.
చాయ్ గూడ లోపలనే అయిపోతది."

నవనీత కాగితం మడత పెట్టింది.
నేను కళ్లద్దాలు తుడుచుకున్న.
ఎవలం ఏం అనలే.

ఈదమ్మే అడిగింది, ఏం చదువుతున్నవు బిడ్డా అని.
విన్నది మొత్తం. సభల గురించి ఒక్క మాట అడగలే.
"నీళ్ల మీద ఊరంటివి గదా,
ఆ నీళ్లు తాగుతరా?"
"తాగరత్తా, ఉప్పునీళ్లు."
"అయితే మా లెక్కనే."
పచ్చగార పండ్లు కనవడేటట్టు నవ్వింది,
ఆ నవ్వుకు బజ్జీల బండాయన గూడ ఇటు తిరిగిండు.

మిషన్ల కొత్త కాగితం ఎక్కించిన.
జిల్లా పంచాయతీ అధికారి గారికి.
విషయం దగ్గర ఆగితే తనే చెప్పింది:
"నా కుర్చీ నాకియ్యాలె. గంతే రాయి.
బడి కాడి నల్లా సంగతి
కుర్చీల కూసున్నంక నేనే మాట్లాడుకుంట."

భర్త అని కొట్టిన. ఇరుక్కున్నది. లాగిన.
భార్య. మళ్ల ఇరుక్కున్నది.
కింద పేరు, దాని కింద ‘స’ కొట్టి
‘భ’ మీద వేలు ఆపిన.
"ఏమైంది సారూ, రాదా?"
"వస్తదమ్మా. జర లాగాలె."

ఆమె నిలబడే ఉన్నది,
పెన్ను మూత తీసి పట్టుకొని.