రాత్రే పట్టిన బకెట్టు

హసావీలో ఆగస్టు నెల.
చన్నీళ్ళ కొళాయి తిప్పితే చెయ్యి కాలింది,
నేను వచ్చిన మొదటి పొద్దున.
"ఈడ ఎండాకాలం కొళాయిలు తిరగబడతాయి రా.
రాత్రే బకెట్టు పట్టి పెట్టుకోవాల" అనింది పెంచలత్త,
తను పట్టిపెట్టిన దాంట్లోంచి
నా మెడ మీద ఒక చెంబు కుమ్మరించి.
కువైటు గురించి నాకు ఎవురైనా చెప్పిన మొదటి మాట అది.
ఇంకేమీ చెప్పకపోయినా సరిపోయుండేది.
కానీ ఆమె ఊరుకునే మనిషా!

ఇరవై రెండేండ్లు ఆమె ఈడ.
మా నాయన కంటే రెండేండ్లు చిన్నది,
జానెడు పొట్టి,
గొంతు మాత్రం రాయచోటి బస్సు హారను.

వెల్లుల్లి వలిపిస్తా అరబీ నేర్పింది.
ఒక్కో రెబ్బకు ఒక్కో అంకె,
వాహద్, ఇత్నేన్, తలాతా...
అర్బా కాడ నాలిక మడత పడితే మొట్టికాయ.
మొట్టికాయలు కూడా అరబీలోనే లెక్కపెట్టేది.

మొదటి ఇంట్లో పదమూడు నెలలు జీతమియ్యలేదంట.
ఒంటి చెప్పుతో నడిచిందంట ఎంబసీ దాకా.
"రెండో చెప్పు ఏమైందత్తా?"
"గేటు కాడ తెగింది. ఆడనే ఇడిసిపెట్టినా.
జీతంతో పాటు దాన్నీ దాచిపెట్టుకోమని."
నవ్వేది. గదిలో ఆడోళ్ళంతా నవ్వేవాళ్ళు.
చెప్పిన ప్రతిసారీ దూరం మారేది,
ఒకసారి ఆరు కిలోమీటర్లు, ఒకసారి పదకొండు.
బొబ్బల సంగతి మటుకు ఎప్పుడూ ఎత్తలా.
అవి నేనే చూసినా,
ఒక శుక్రవారం కాళ్ళు చాపి ఆమె నిద్రపోతాంటే,
కుడి అరికాలిలో
ఎండిన చెరువు నెర్రెల మాదిరి మచ్చలు.

శుక్రవారం కూడా సగం పూటే సెలవు.
ఆ సగంలోనే సంగటి.
కట్టె దొరకలేదని
తుడుపుకర్ర కొయ్య తెగ్గోసి,
గాజుపెంకుతో గీకి నున్నగా చేసుకుంది.
స్టవ్వు ముందర గొంతుక్కూచుని కెలుకుతాంటే
గాజులు గలగలా, ముక్కుపుడక మీద చెమట.
ఊరిబిండిలో కారం ఎక్కువై నేను బుస్సుమంటే
"ఈ మాత్రానికేనా?" అనేది.
ఒకనాడు దుమ్ములేచి
మిట్టమధ్యాన్నం ఆకాశం ఇటుకరంగైంది.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి
ముద్దలో పలుకులు తగిలినా
"మన్ను ఏ దేశానిదైనా మన్నేలే, మింగు" అనింది.

పోయినేడు రంజాన్‌కు ముందర
ఫర్వానియా ఆస్పత్రిలో మూడు రోజులు. అంతే.
పెట్టె పంపించేదానికి కాగితాలు,
సంతకాలు నావి.
వాహద్ నుంచి సబా దాకా లెక్కపెట్టుకుంటా చేసినా.
అర్బా కాడ కూడా తప్పు పోలా.
నెత్తిన ఎవురూ మొట్టలా.

శవాల గది బయట
తెల్లటి దిష్‌దాషా, కొత్త మీసం, ఎర్రటి కండ్లు.
మిషారి అంట.
పాలపీక నాటి నుంచి పద్నాలుగేండ్లు
ఆమె చంకలో, ఆమె వెనకాల పెరిగినోడు.
నా భుజం మీద చెయ్యేసి,
మా కడప యాసలో, ఒక్క అక్షరం పోకుండా,
"తిన్యావా?" అన్నాడు.

తలకాయ ఎత్తి చూసినా.
ఆ మాటకు అర్థం వానికి తెలీదు.
తను ఏడ్చినప్పుడంతా ఆమె అదే అనేదంట.
"ఏడవద్దు" అనుకున్నాడంట ఇన్నేండ్లూ.
నేను సరిదిద్దలా.
ఇద్దరం ఆడనే, గోడకానుకుని,
చానాసేపు ఒకరినొకరం అదే అడుక్కున్యాం.

సంగటికట్టె నా దగ్గరే ఉండాది.
ఊరికి పంపిన సామాన్ల పట్టీలో రాయలా.

నిన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అట్నే పడుకున్యా,
బకెట్టు పట్టడం మర్సిపోయి.
పొద్దున చెయ్యి కాలింది.
బాగానే అనిపించింది.
పక్క గది నుంచి ఎవురో
గట్టిగా తిట్టినట్టు.